మనం పడుకునే వేళకి అక్కడ తెల్లవారుతుంది

విదేశానికి వచ్చి ఏడాది తిరగలేదు, సెలవు రోజున కూడా ఒళ్లు తేలిక పడటం లేదని కొత్తగా వచ్చినవాళ్లు తరచూ అంటుంటారు. నాకూ అంతే. నేనుండే చోట నాకు నిద్రవేళ అయ్యేసరికి ఇంటి దగ్గర తెల్లవారేది, ఫోను మోగేది. ఎత్తకపోతే అమ్మ కంగారు పడుతుందని ఎత్తేవాణ్ణి.

రెండో ఏడాది ఒక సోమవారం ఆఫీసు పార్కింగ్‌లో కారు ఆపి, తాళంచెవి చేత్తో పట్టుకుని 20 నిమిషాలు అలాగే కూర్చున్నాను. జ్వరమా, నొప్పా, ఏమీ లేదు. దిగబుద్ధి కాలేదు, అంతే. బద్ధకమనుకుని నన్ను నేనే తిట్టుకున్నాను. అది బద్ధకం కాదు, బర్నవుట్, అంటే పని ఒత్తిడితో పూర్తిగా అలసిపోవడం. సత్తువంతా అయిపోయినట్టుండటం, చేసే పని మీద విరక్తి, ఎంత చేసినా ఏమీ చేయలేదనిపించడం: బర్నవుట్ లక్షణాలుగా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పినవి ఈ మూడే. ఆ సంస్థ దీన్ని జబ్బుల్లో చేర్చలేదు, పనిచేసే చోట తీరని ఒత్తిడి వల్ల వచ్చేదని చెప్పింది.

వారమంతా 5 గంటలు పడుకుని ఆదివారం ఆ బాకీ తీర్చుకుందామనుకునేవాణ్ణి. మధ్యాహ్నం దాకా పడుకుంటే రాత్రి నిద్ర పట్టదు, సోమవారం కథ మళ్లీ మొదటికే. పెద్దవాళ్లకి రోజూ కనీసం 7 గంటల నిద్ర కావాలి. సాయంత్రం కాఫీ మానేశాను, నాలుగింటికి తాగితే అందులో దాదాపు సగం కెఫీన్ తొమ్మిదింటికి కూడా ఒంట్లోనే ఉంటుంది.

ఇంటి ఫోన్లకి వేళ పెట్టుకున్నాను. అర్జెంటైతే వరసగా రెండుసార్లు చెయ్యమన్నాను. నాన్న వారం రోజులు ముభావంగా ఉన్నారు, తర్వాత ఆయనే ఆ వేళకి అలవాటు పడ్డారు.

ఆఫీసులో కాదనడం కష్టం, వీసా టెన్షన్ అలాంటిది. అందుకే కాదనను. ‘ఇది ఈవారం చేస్తే అది వచ్చేవారానికి పోతుంది, ఏది ముందు కావాలి?’ అని మేనేజర్నే అడుగుతాను. చాలాసార్లు రెండోది అంత తొందరేం కాదని తేలుతుంది.

సెలవులన్నీ ఇండియా ప్రయాణానికే దాచకండి. చుట్టాలు, పెళ్లిళ్లు, సూట్‌కేసులు, అది సెలవే గానీ విశ్రాంతి కాదు (ఇంట్లోవాళ్లు వింటే నొచ్చుకుంటారు). మధ్యలో ఒక రోజు ఏ పనీ పెట్టుకోకుండా తీసుకోండి. ఇవన్నీ చేసినా వారాల తరబడి నిద్ర పట్టకపోతే, బతుకు మీదే విసుగు పుడుతుంటే, ఆగకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. చాలా కంపెనీలు ఉద్యోగులకి ఉచితంగా కౌన్సెలింగ్ ఇస్తాయి, మీ హెచ్‌ఆర్‌ని అడిగి చూడండి.