దయ్యం సినిమా తీస్తానంటున్న అమ్మలుకు

సాలిగ్రామం, చెన్నై.

చిరంజీవి అమ్మలుకు పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన స్క్రిప్టు రెండుసార్లు చదివాను. మొదటిసారి పగలు చదివాను. రెండోసారి రాత్రి, మీ పెద్దమ్మ పడుకున్నాక, హాల్లో ఒక్క లైటు వేసుకుని చదివాను. దయ్యం కథ మీద పగటి పూట తీర్పు చెప్పకూడదని నా నమ్మకం. ఆ ముసలామె బావిలోకి బిందె వదులుతూ, లోపలికి చూడకుండా "వచ్చావా?" అంటుంది చూడు, అక్కడ లేచి వెళ్ళి వంటింటి తలుపు గడియ పెట్టి వచ్చాను. కాబట్టి నీకు చేతనవుతుందా లేదా అన్న సంగతి మనం మాట్లాడుకోనక్కర్లేదు.

మాట్లాడుకోవాల్సింది డబ్బు గురించి. నెల్లూరులో నీ వాటాకొచ్చిన ప్లాటు అమ్ముతానని రాశావు. తరమణిలో ఉద్యోగం కూడా మానేస్తానన్నావు. రెండూ వద్దమ్మా. వద్దని ఊరికే అనడం లేదు, ఎందుకో చెబుతాను.

నేను కోడంబాక్కం వచ్చేసరికి తెలుగు సినిమా మూటాముల్లె సర్దుకుని హైదరాబాదు పోతోంది. ఇక్కడే ఉండిపోయిన నాలాంటి వాళ్ళం అసిస్టెంటు డైరెక్టర్లుగా, డబ్బింగుల్లో, ఎడిటింగ్ రూముల్లో బతికాం. ఆ తర్వాత నా సొంతంగా నాలుగు చిన్న దయ్యం సినిమాలు తీశాను. రెండిటికి పెట్టిన డబ్బు తిరిగొచ్చింది. ఒకటి విడుదలే కాలేదు. ఇంకోటి ఇల్లు తాకట్టు పెట్టించింది. ఆ అప్పు తీర్చడానికి మీ పెద్దమ్మ తొమ్మిదేళ్ళు ట్యూషన్లు చెప్పింది. తక్కువ డబ్బుతో ఇలాంటి సినిమా తీసేవాళ్ళకి తెలియాల్సింది ఎక్కడ చెయ్యి బిగించాలి, ఎక్కడ బిగించకూడదు అన్నది. నేను రెండూ తారుమారు చేసి నష్టపోయాను. మేకప్పుకీ గ్రాఫిక్సుకీ పోసి, మనుషుల దగ్గరా కాగితాల దగ్గరా పొదుపు చేశాను.

ముందు లొకేషన్లు తగ్గించు. స్క్రిప్టులో ఆరు చోట్లు రాశావు. రైలూ, ఆసుపత్రీ, బెంగళూరు ఫ్లాటూ తీసెయ్. లొకేషన్ మారిన ప్రతిసారీ వ్యాను, లైట్లు, భోజనాలు, మనుషులు అన్నీ కదలాలి. ఆ పూట షూటింగ్ పోయినట్టే. ఆ ముసలామె ఇల్లు, బావి, వెనకాల చింతచెట్టు, ఇంతే ఉంచు. 1968లో అమెరికాలో జార్జ్ రొమెరో 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' తీసినప్పుడు కూల్చేయబోతున్న ఒక పల్లెటూరి ఇంటిని పట్టుకున్నాడు. ఎలాగూ పోయే ఇల్లు కాబట్టి కిటికీలకు చెక్కలు కొట్టినా, తలుపులు విరగ్గొట్టినా అడిగేవాళ్ళు లేరు. సినిమా నలుపు తెలుపు కాబట్టి నెత్తురుకి చాక్లెట్ సిరప్ వాడారు. అలా చేతిలో ఉన్నదాన్ని బట్టి కథ రాసుకో.

నీ చేతిలో సూళ్ళూరుపేట దగ్గర మన తాతల నాటి ఇల్లుంది. చెన్నై నుంచి లోకల్ రైల్లోనే వెళ్ళి రావచ్చు. ఏళ్ళుగా తాళం వేసి ఉన్న ఇల్లు కాబట్టి ముందు ఎలక్ట్రీషియన్‌ని తీసుకెళ్ళు. ఆ పాత వైరింగ్ మీద ఒక్క లైటు కూడా వేయొద్దు. పాముల కోసం దొడ్డంతా శుభ్రం చేయించు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అటువైపు వెళ్ళకు. ఈశాన్య రుతుపవనాలు పట్టుకుంటే షెడ్యూల్ మొత్తం నీళ్ళలో కలుస్తుంది. ఇంటి లోపల జరిగే రాత్రి సీన్లను రాత్రే తీయాలని లేదు. కిటికీలకు బయటి నుంచి నల్లగుడ్డ కట్టి పగలే తీసెయ్యి. నిజమైన రాత్రిని బావి సీనుకి దాచిపెట్టుకో. కెమెరా కొనకు. సోనీ ఎఫ్‌ఎక్స్3 లాంటివి ఇప్పుడు 12,800 ఐఎస్ఓ దగ్గర, అంటే చాలా తక్కువ వెలుతురులో కూడా శుభ్రమైన బొమ్మ ఇస్తున్నాయి, వడపళని చుట్టుపక్కల అద్దెకు దొరుకుతాయి. ఒక లాంతరు, ఒక చిన్న ఎల్‌ఈడీతో మీరు తీసే షాటుకి మా రోజుల్లో జనరేటరూ, పదిమంది లైట్‌మెన్లూ కావాల్సి వచ్చేది.

ఇక్కడ మిగిలిన ప్రతి రూపాయీ సౌండుకి పెట్టు. దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఓపిగ్గా విను.

నా రెండో సినిమాలో దయ్యం మొదటిసారి కనపడే షాటుకి మేకప్ వేయడానికే నాలుగు గంటలు పట్టింది. ప్రివ్యూలో చూపిస్తే ఎవరూ కదల్లేదు. ఎడిటర్ ఆ షాటు మొత్తం తీసేశాడు. ఖాళీ వసారా ఉంచి, ఇసుకలో ఎవరో కాళ్ళు ఈడ్చుకుంటూ వస్తున్న చప్పుడు పెట్టాడు. ఆ చప్పుడు గుమ్మం దాకా వచ్చి ఆగిపోయేలా చేశాడు. మళ్ళీ చూపించినప్పుడు రెండో వరసలో ఒకావిడ పక్కనున్న ముక్కూ మొహం తెలియని ఆవిడ చెయ్యి పట్టుకుంది. అంత కష్టపడి తీసిన షాటు డబ్బాలోనే ఉండిపోయింది. చప్పుడు రావడం కాదు, ఆగడం భయపెట్టింది. ఆగిందంటే ఎక్కడో నిలబడి ఉందన్నమాట. ఎక్కడ నిలబడిందో చూసేవాడు తనే ఊహించుకుంటాడు. మనం ఎంత ఖర్చు పెట్టి చూపించినా వాడు ఊహించుకున్నదానికి సాటి రాదు.

కాబట్టి లొకేషన్‌లో అడుగుపెట్టగానే ప్రతి గదిలో మనుషులందర్నీ బయటికి పంపి ఒక్క నిమిషం నిశ్శబ్దాన్ని రికార్డు చెయ్యి. వంటింటి నిశ్శబ్దం వేరు, పడగ్గది నిశ్శబ్దం వేరు. మిక్సింగ్‌లో ఆ తేడా నీకు ప్రాణం పోస్తుంది. జనరేటర్ తప్పదనుకుంటే గోడ అవతల, పొడుగు కేబుల్ మీద పెట్టించు. ఎముకలు విరిగే చప్పుడుకి లేత ములక్కాడలు విరిచి చూడు. తడి తువ్వాలు పిండితే ఏ కంప్యూటర్ లైబ్రరీలోనూ దొరకని చప్పుడు వస్తుంది. నులకమంచం, ఇత్తడి బిందె, బావి గిలక, ఇవన్నీ ఆ ఇంట్లోనే ఉన్నాయి. ఆర్.ఆర్. (రీ-రికార్డింగ్, అంటే నేపథ్య సంగీతం) దగ్గర మాత్రం తొందరపడకు. సీను సీనుకీ వయొలిన్లు ఏడిస్తే చూసేవాళ్ళకు ఎక్కడ భయపడాలో ముందే తెలిసిపోతుంది. జాన్ కార్పెంటర్ 1978లో 'హాలోవీన్' తీసినప్పుడు సంగీతం తనే చేసుకున్నాడు. పియానో మీద కొద్దిపాటి స్వరాలు అటూ ఇటూ తిప్పాడు, అంతే. నీకు సంగీతం రాకపోయినా ఫరవాలేదు, ఎక్కడ ఉండకూడదో తెలిస్తే చాలు.

నెత్తురు గురించి ఒక్క మాట. పంచదార పాకంలో రంగు కలిపి చేయకు. మన ఊళ్ళో అరగంటలో చీమలు పడతాయి, కింద పడుకున్న ఆర్టిస్టు కదలకుండా ఉండలేరు. గ్లిజరిన్‌తో చేయించి, ముందు చీర ముక్క మీద వేసి ఉతికి చూడు. ఒకే రకం చీరలు కనీసం మూడు కొను.

ఇక అస్సలు తగ్గించకూడనివి. నా మూడో సినిమాలో వరసగా నాలుగు రాత్రులు షూటింగ్ పెట్టాను. ఐదో రోజు తెల్లవారుజామున వ్యాను డ్రైవరుకి కునుకు పట్టి డివైడర్‌కి గుద్దాడు. పందొమ్మిదేళ్ళ అసిస్టెంటు కుర్రాడికి భుజం ఎముక విరిగింది. వాళ్ళమ్మ ఆసుపత్రి వరండాలో నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అన్నా బాగుండేది. ఆ తప్పు పూర్తిగా నాది, ఒక రోజు అద్దె మిగుల్చుకుందామని చేశాను. రాత్రి షూటింగ్ చేస్తే మర్నాడు సెలవు ఇవ్వు. పన్నెండు గంటలు దాటనివ్వకు. బత్తా, అదే రోజువారీ ఖర్చుల డబ్బు, ఏ రోజుది ఆ రోజే చేతిలో పెట్టు. కారవాన్ లేకపోయినా ఫరవాలేదు గానీ ఆడవాళ్ళకు తలుపు, గడియ, నీళ్ళు ఉన్న బాత్రూము లేకుండా కెమెరా ఆన్ చేయొద్దు. తెల్ల కాంటాక్టు లెన్సులు పెట్టాలనుకుంటే కంటి డాక్టరుకి చూపించాకే పెట్టించు. దయ్యాన్ని తాడుకి వేలాడదీయాలంటే ఫైట్ మాస్టర్ మనుషుల్ని పిలువు, లేదా ఆ సీను తీసెయ్. నల్లకుక్క ఉందిగా నీ కథలో, దానికి జంతు సంక్షేమ బోర్డు అనుమతి షూటింగ్‌కి ముందే తీసుకోవాలి. ఆ ఆఫీసు ఒకప్పుడు మన తిరువాన్మియూరులోనే ఉండేది, ఇప్పుడు హర్యానాకి వెళ్ళిపోయింది. అది పెద్ద పని అనిపిస్తే కుక్క మొరుగుడు మాత్రం వినిపించు.

కథలో ఒక సంగతి నన్ను రెండు రోజులుగా పట్టుకుని వదలడం లేదు. ముసలామెను ఊళ్ళో వాళ్ళు చేతబడి చేస్తుందంటారు. చివర్లో నువ్వు అది నిజమేనని చూపించావు. చేతబడి కథలంటే మనవాళ్ళు చూస్తారు, నిజమే. 2021లో 'మా ఊరి పొలిమేర' నేరుగా ఓటీటీలో వచ్చింది, 2023లో దాని రెండో భాగం థియేటర్లకి వెళ్ళింది. కానీ చేతబడి నెపంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు మన పల్లెల నుంచి ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. ఎక్కువగా ఒంటరి వాళ్ళు, ముసలివాళ్ళు. ఊరు ఆమెను మంత్రగత్తె అనొచ్చు, నీ సినిమా అనకూడదు. బావిలో ఉన్నది ఆమె పిలిచినది కాకుండా, ఊరు దాచినది అయితే ఎలా ఉంటుందో ఆలోచించు. అప్పుడు ఆ "వచ్చావా?" ఇంకా లోతుకు దిగుతుంది. మార్చమని బలవంతం చేయను. కథ నీది.

కాగితాల సంగతి రాస్తుంటే నాకు చెయ్యి బరువెక్కుతోంది. నా మొదటి సినిమా ఇక్కడి ఒక పంపిణీదారుకి ఇచ్చినప్పుడు, అప్పులవాళ్ళు గుమ్మంలో ఉన్నారని, అతను పెట్టమన్న చోటల్లా సంతకం పెట్టాను. హిందీ డబ్బింగు, టీవీ హక్కులు, ముందు ముందు రాబోయేవి కూడా అన్నీ శాశ్వతంగా అని అందులో ఉంది. చదవలేదు. ఆ సినిమా హిందీలో టీవీలో పడినప్పుడల్లా చుట్టాలు ఫోన్ చేసి అభినందించేవాళ్ళు. నాకు ఒక్క పైసా రాలేదు. రొమెరో వాళ్ళకి ఇంకా అన్యాయం జరిగింది. విడుదలకి ముందు సినిమా పేరు మార్చినప్పుడు కొత్త టైటిల్ కార్డు మీద కాపీరైటు గుర్తు వేయడం మరిచిపోయారు. అప్పటి అమెరికా చట్టం ప్రకారం ఆ ఒక్క కార్డుతో సినిమా ఎవరైనా వాడుకునే సొత్తయిపోయింది.

మన చట్టం ప్రకారం సినిమాకి హక్కుదారు నిర్మాత, డైరెక్టరు కాదు. అందుకే చిన్నదైనా నీ సొంత బ్యానరు పెట్టుకో. హక్కులు ఎవరికి ఇచ్చినా రాతపూర్వకంగా ఉండాలి, ఏ హక్కు, ఎన్నేళ్ళకి, ఏ ప్రాంతానికి అన్నది విడివిడిగా రాయించు. కాలం రాయకపోతే ఐదేళ్ళనీ, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకేననీ కాపీరైటు చట్టం 19వ సెక్షన్ చెబుతుంది. అవతలివాళ్ళు రాసే కాగితంలో 'శాశ్వతంగా', 'ప్రపంచమంతటా' అన్న మాటలు ఎందుకుంటాయో అప్పుడు అర్థమవుతుంది. లాయరు ఫీజు సినిమా బడ్జెట్‌లో ఒక పద్దుగా మొదటి రోజే రాసుకో. కెమెరామన్, ఎడిటరు, మ్యూజిక్ చేసే కుర్రాడు, అందరితోనూ ఒక పేజీ కాగితం రాసుకో. స్నేహితులైతే ఇంకా తప్పకుండా రాసుకో.

సెన్సారు గురించి ఇప్పుడే టెన్షన్ పడకు. 2023 సవరణ తర్వాత యూఏలోనే (పిల్లలు పెద్దల సలహాతో చూడదగ్గవాటికి ఇచ్చే సర్టిఫికెట్) 7+, 13+, 16+ అని మూడు వచ్చాయి. 'ఏ' సర్టిఫికెట్ వస్తే ఆ రూపంలో టీవీకి పనికిరాదు, అదొక్కటి మనసులో పెట్టుకుని నరుకుడు సీన్లు తీయి. నేరుగా ఓటీటీకి వెళ్ళేదానికి సెన్సారు సర్టిఫికెట్టే అక్కర్లేదు.

ఇప్పుడు ప్లాటు దగ్గరికి వస్తాను. ముంబైలో రామ్సే సోదరులు ఏడుగురు. డైరెక్షన్, కెమెరా, సౌండు, ఎడిటింగ్ తలా ఒకటి పంచుకుని 1970ల నుంచి దయ్యం సినిమాలు తీశారు. ఒక సినిమా పోతే రెండోది తీయగలిగారంటే పని చేతులన్నీ ఇంట్లోనే ఉండబట్టి. నువ్వు మొదటి సినిమాకే ప్లాటు పెడితే రెండో సినిమాకి నీ దగ్గర ఏమీ ఉండదు. మొదటిది ఎలా ఆడుతుందో ఎవరూ చెప్పలేరు. నేను చూసినంతలో మూడో సినిమాకి గానీ ఎవరికీ చెయ్యి తిరగలేదు. ఆ మూడోదాకా నువ్వు నిలబడాలి. దానికి ఆ ఉద్యోగం కావాలి, ఆ ప్లాటు నీ పేరు మీదే ఉండాలి.

బావి సీను ఒక్కటే తియ్యి. పది నిమిషాలు చాలు. ఇద్దరు ఆర్టిస్టులు, ఎనిమిది మంది యూనిట్, రెండు రాత్రులు. నీ రెండు నెలల జీతంలో అయిపోయేలా రాసుకో. సామ్ రైమీ 'ఈవిల్ డెడ్' తీయడానికి ముందు 1978లో స్నేహితులతో అరగంట సినిమా తీసి, అది చూపించే పెద్ద సినిమాకి డబ్బు కూడగట్టాడు. నీ పది నిమిషాలూ పూర్తయ్యాక స్నేహితులకు చూపించకు, వాళ్ళు బాగుందంటారు. మా వీధి చివర టీ కొట్టు అతన్నీ, మీ పెద్దమ్మ భజన మండలి వాళ్ళనీ కూర్చోబెట్టు. నువ్వు తెర వైపు చూడకు, పక్కనుంచి వాళ్ళ మొహాలు చూడు. ఎవరు ఏ నిమిషంలో ఫోన్ తీశారో రాసుకో.

ఆదివారం భోజనానికి రా. నా రికార్డరు బీరువాలోంచి తీసి బ్యాటరీలు మార్చి పెట్టాను, మైకుకి తొడిగే బొచ్చు విండ్‌షీల్డు కూడా ఉంది, పులికాట్ సరస్సు గాలికి కావాలి. ఇంటి తాళాలు మీ చిన్నాయన దగ్గరున్నాయి. నువ్వు వస్తున్నావని తెలిసి ఆయన ఇల్లు దులిపిస్తున్నాడట. బావి గిలకకి మాత్రం నూనె వేయించొద్దని పొద్దున్నే ఫోన్ చేసి చెప్పాను.

ఇట్లు,
మీ పెదనాన్న