భార్యాభర్తలిద్దరూ లారీ తిప్పాలంటే: ముందు లైసెన్సు సంగతి

తమ్ముడూ, నీకు హెవీ లైసెన్సుంది, మీ ఆవిడకు స్కూటీ లైసెన్సే ఉంది, వచ్చే నెల నుంచి గాజువాక–కోల్‌కతా లైన్లో వంతులవారీగా నడుపుతామన్నావు. వచ్చే నెల కుదరదు.

ఆమె ముందు కారు లైసెన్సు తీసుకోవాలి. ఎల్‌ఎల్‌ఆర్ (నేర్చుకునేవాళ్ల లైసెన్సు) వచ్చిన 30 రోజులకు గానీ టెస్టుకు పిలవరు. ఆ లైసెన్సుకు ఏడాది నిండితేనే లారీలాంటి ట్రాన్స్‌పోర్టు బళ్లకు ఎల్‌ఎల్‌ఆర్ ఇస్తారు. వయసు 20 దాటి ఉండాలి. శిక్షణ పూర్తయిందని డ్రైవింగ్ స్కూలు ఇచ్చే ఫారం 5, ఆరోగ్యం బాగుందని డాక్టరు సంతకంతో ఫారం 1ఏ తప్పనిసరి. ఎనిమిదో తరగతి పాసై ఉండాలన్న నిబంధన 2019లోనే తీసేశారు, చదువు గురించి బెంగ వద్దు.

ఈలోగా "ఖాళీ రోడ్డే కదా" అని స్టీరింగ్ మాత్రం ఇవ్వకు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు కంపెనీ అవతలివాళ్లకు కట్టిన పరిహారాన్ని బండి ఓనరు దగ్గర వసూలు చేస్తుంది, మన బండి డ్యామేజీకి పైసా రాదు. ఓనరువి నువ్వే అయితే ఇల్లు కూడా పోవచ్చు.

ఈ ఏడాదిని వాడుకోండి. ఆమె పక్కన కూర్చుని ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్లో తీసే జీఎస్టీ పత్రం) గడువు, ఫాస్టాగ్ బ్యాలెన్సు, లోడింగ్ కాగితాలు చూసుకోవచ్చు. టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి చూడటం, రివర్సులో అద్దాలు చదవడం అప్పుడే అలవాటవుతాయి.

బండి స్లీపర్ క్యాబిన్‌దే తీసుకో, 2025 అక్టోబర్ తర్వాత తయారైనదైతే ఏసీ ఉంటుంది. రాత్రి ఆగేది లైట్లు, శుభ్రమైన మరుగుదొడ్డి ఉన్న పెట్రోలు బంకులోనే.