సముద్రపు గాలిలో ముళ్లకంచె: మూల స్తంభాలు, గేటు విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలు

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా భోగాపురం మండలంలో సముద్రానికి దగ్గరగా ఉన్న గ్రామం. ఎకరా జీడితోటలో రెండు ఆవులు, నాలుగు గేదెలు, పది మేకలు మేపుకొంటున్నాను. మూడేళ్ల క్రితం వేసిన ముళ్లకంచెలో మూల స్తంభాలు లోపలికి ఒరిగి తీగలు వేలాడుతున్నాయి. గేటు నేలకు రాసుకుంటోంది. మళ్లీ కంచె వేయాలంటే ఏ స్తంభాలు, ఎన్ని వరుసల తీగ వాడాలి?

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి మీ కంచె చెడటానికి ముఖ్య కారణం తీగ కాదు, మూల స్తంభాలు. తీగను బిగించినప్పుడు ఆ లాగుడంతా వరుస రెండు చివరలా పడుతుంది. మధ్య స్తంభాలు తీగను ఎత్తులో నిలిపి ఉంచుతాయే తప్ప లాగుడును మోయవు. అందువల్ల ఖర్చులో వెనుకాడకూడని చోటు మూలలే.

మీది ఇసుక నేల కాబట్టి ఎనిమిది అడుగుల రాతి లేదా సిమెంటు స్తంభాలు తీసుకొని, మూలల్లో మూడు అడుగులు, మధ్యలో రెండున్నర అడుగుల లోతు పాతండి. మూల స్తంభం చుట్టూ కాంక్రీటు వేసి, తీగ వెళ్లే రెండు దిక్కులా ఒక్కొక్క ఏటవాలు సపోర్టు స్తంభం నిలపాలి. సపోర్టు పాదం మూలకు ఐదారు అడుగుల దూరంలో, తీగ వరుసలోనే, ఒక చదునైన బండరాయి మీద ఆనేలా పాతితే ఇసుకలోకి దిగిపోదు. కాంక్రీటును కనీసం వారం రోజులు తడిపిన తరువాతే తీగ బిగించాలి. మరునాడే బిగించడం వల్ల ఒరిగిపోయిన మూలలను మన తీర గ్రామాల్లో చాలాచోట్ల చూశాను. మధ్య స్తంభాల మధ్య ఎనిమిది నుంచి పది అడుగుల దూరం చాలు.

ఉప్పుగాలికి పలుచని జింకు పూత త్వరగా పోయి తీగ తుప్పు పడుతుంది. ముళ్లతీగకు భారతీయ ప్రమాణమైన ఐ.ఎస్. 278 గుర్తు గల, మందమైన పూత ఉన్న 12 గేజి తీగనే అడిగి తీసుకోండి. ఆవులు, గేదెలకు ఐదు వరుసలు కావాలి: మొదటిది నేల నుంచి ఒక అడుగు ఎత్తున, మిగిలినవి పది అంగుళాలకు ఒకటి చొప్పున. చదరంగా ఉన్న ఎకరాకు చుట్టుకొలత సుమారు 255 మీటర్లు, ఐదు వరుసలకు 1,275 మీటర్లు అవుతుంది. కిలోకు దాదాపు 10 మీటర్లు వస్తుంది కనుక 130 కిలోలకు కొంచెం పైన కొనాలి. గేదె ఒళ్లు రుద్దుకోవడానికి ఆనినప్పుడు తీగ స్తంభాన్ని నొక్కేలా, పశువులుండే వైపునే దాన్ని కట్టాలి.

మేకలను మాత్రం ముళ్లతీగ ఆపలేదు. అవి వరుసల మధ్య దూరి చర్మాన్ని, పొదుగును చీల్చుకుంటాయి. వాటి దొడ్డికి నాలుగు అడుగుల ఎత్తు ఇనుప జాలీ వేయడమే మేలు.

గేటు పన్నెండు అడుగులుంటే ట్రాక్టరు ట్రక్కు సులువుగా తిరుగుతుంది. గేటు బరువు మోసే స్తంభానికి కంచె తీగల లాగుడు తగలకుండా, తీగలను పక్కన మరో స్తంభానికి ముగించి, ఆ సందును వదులుగా కట్టిన తీగలతో మూయండి. గేటు చట్రంలో ఏటవాలు పట్టీ కిందిబందు (గేటు తిరిగే కింది కీలు) మూల నుంచి గడియ వైపు పై మూలకు వెళ్లాలి. మీ గేటు కుంగిందంటే ఆ పట్టీ లేకపోవడమో, తిరగవేసి ఉండటమో ముందుగా చూడండి. పైబందు పిన్ను కిందికి, కిందిబందు పిన్ను పైకి ఉంటే గేదె కొమ్ముతో ఎత్తినా గేటు ఊడదు.

కంచె గెడ్డను (వాగును) దాటే చోట ప్రధాన తీగలను నీటికి అడ్డంగా లాగకండి. వరదలో కొట్టుకొచ్చే చెత్త తీగకు చిక్కి రెండు వైపులా స్తంభాలను పెకలిస్తుంది. అక్కడ విడిగా, సులువుగా తెగే వరుస కట్టాలి. 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ తుఫానుల వంటి గాలుల్లో ముళ్లతీగ ఒంటరిగా గాలిని వదిలేస్తుంది గాని, దానికి కట్టిన పాత చీరలు, వలలు, అల్లుకున్న తీగజాతి మొక్కలు గాలిని పట్టి కంచెను పడవేస్తాయి. తుఫాను హెచ్చరిక రాగానే వాటిని తీసేయాలి.

పశువుకు ముళ్లతీగ గీరుకుంటే గాయాన్ని పలుచని పొటాషియం పర్మాంగనేటు నీటితో కడిగి, ఈగలు వాలకుండా చూసి, ధనుర్వాతం ఇంజెక్షను కోసం అదే రోజు పశువైద్యశాలకు తీసుకెళ్లండి. కంచెకు ఇంటి కరెంటును ఎట్టి పరిస్థితిలోనూ కలపవద్దు. మనుషుల ప్రాణం తీసే పని, చట్టరీత్యా నేరం.