టోకెన్ కాదు, ముందు సీరియల్ నంబరు చూడు

విశాఖపట్నం

చి. మేనల్లుడికి ఆశీస్సులు.

ఆటోనగర్‌లో మీ కంపెనీకి 500 కార్బన్ క్రెడిట్లు కొనే పని నీ మీద పడిందనీ, ఎవరో బ్లాక్‌చెయిన్ టోకెన్ల, అంటే కంప్యూటర్ పద్దులో ఉండే డిజిటల్ చీటీల, రూపంలో చవగ్గా ఇస్తామంటున్నారనీ రాశావు. తొందరపడకు. కేంద్రం 2023లో నోటిఫై చేసిన కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ పథకం కింద మీకు ఉద్గార లక్ష్యం ఉంటే ఈ టోకెన్లు ఆ లెక్కకు రావు. ఆ పథకం సర్టిఫికెట్లే కావాలి, వాటి రిజిస్ట్రీ, అంటే ఎవరి దగ్గర ఎన్ని ఉన్నాయో రాసే అధికారిక పద్దు, గ్రిడ్ కంట్రోలర్ ఆఫ్ ఇండియాది. స్వచ్ఛందంగా కొంటున్నట్టయితేనే మిగతాది చదువు.

ఒక క్రెడిట్ అంటే గాలిలోకి పోకుండా ఆపిన, లేదా గాలి నుంచి తీసేసిన, ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్, లేదా అంత వేడి పుట్టించే మరో వాయువు. బ్లాక్‌చెయిన్ చేసేది పద్దు రాయడం. రాసింది ఎవరూ చాటుగా దిద్దలేరు, అదే టోకెన్ ఇద్దరికి అమ్మలేరు. మంచిదే. కానీ అడవిలో చెట్టు నిలిచి ఉందో లేదో దానికి తెలియదు. తప్పు రాస్తే ఆ తప్పునే పదిలంగా దాస్తుంది. 2021లో, స్వచ్ఛంద క్రెడిట్లు జారీ చేసే వెర్రా అనే సంస్థ రిజిస్ట్రీలో క్రెడిట్లను రిటైర్ చేసి, అంటే వాడేసినట్టు రాయించి, వాటి మీదే టోకెన్లు పుట్టించి పెద్ద ఎత్తున అమ్మారు. 2022 మేలో వెర్రా ఆ పద్ధతిని నిషేధించింది.

అందుకే అమ్మేవాణ్ణి టోకెన్ల వెనకున్న క్రెడిట్ల సీరియల్ నంబర్లు అడుగు. రిజిస్ట్రీ వెబ్‌సైటులో ప్రాజెక్టు సంఖ్య, తగ్గింపు జరిగిన సంవత్సరం, పరిమాణం నువ్వే సరిచూడు. ‘రిటైర్డ్’ అని ఉంటే అక్కడితో ఆపెయ్. సజీవంగా ఉంటే అవి ఎవరి ఖాతాలో ఉన్నాయో, టోకెన్ ఉన్నంతకాలం కదలకుండా ఏ ఒప్పందం పట్టి ఉంచుతోందో కాగితం మీద చూపించమను.

డబ్బు నేరుగా పంపకు, బ్యాంకులో ఎస్క్రో పెట్టించు, అంటే షరతు తీరేదాకా సొమ్ము బ్యాంకే పట్టి ఉంచే ఖాతా. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. ‘టోకెన్లు వాలెట్‌కు (అవి ఉంచుకునే డిజిటల్ ఖాతాకు) చేరగానే చెల్లించాలి’ అని షరతు రాస్తే బ్యాంకు అక్షరాలా అదే చేస్తుంది, క్రెడిట్ మంచిదో కాదో చూడదు. ‘ఫలానా సీరియళ్లు రిజిస్ట్రీలో మా కంపెనీ పేరు మీద కనిపించాక’ అని రాయించు. కెనడా, బ్రెజిల్, ఆస్ట్రేలియా, బ్రిటన్ బ్యాంకులు నాలుగు కలిసి 2021లో మొదలుపెట్టిన వేదిక, తర్వాత కార్బన్‌ప్లేస్ అయినది, తలపెట్టిందీ ఇదే: క్రెడిట్, సొమ్ము ఒకేసారి చేతులు మారాలి.

టోకెనే తీసుకోవాల్సి వస్తే వాలెట్ తాళం ఒక్క ఉద్యోగి ఫోనులో ఉంచవద్దు. పోతే తిరిగి ఇచ్చే బ్రాంచి ఉండదు. ఇద్దరి ఆమోదం లేనిదే కదలని ఏర్పాటు పెట్టు.

వాడుకున్న రోజు రిజిస్ట్రీలో కంపెనీ పేరుతో రిటైర్ చేయించు, టోకెన్‌నూ రద్దు చేయించు. రెండింటి సంఖ్యలూ ఆడిటర్ ఫైల్లో పక్కపక్కన ఉండాలి.

ఎస్క్రో ముసాయిదా రాగానే, సంతకానికి ముందే, నాకు పంపించు.

మీ మేనమామ