కోడ్ వచ్చు, ఇంటర్వ్యూలో నోరు పెగలడం లేదు

ప్రశ్న: ఇంట్లో తెలుగు, ప్లస్ టూ దాకా ఒడియా మీడియం. బీటెక్ అయ్యాక జావా నేర్చుకున్నాను. ఆన్‌లైన్ పరీక్షలు గట్టెక్కుతున్నాను గానీ టెక్నికల్ రౌండ్‌లో రెండుసార్లు పోయింది. జాబితాలో రెండో పెద్ద సంఖ్య కనుక్కోమన్నారు. కోడ్ రాశాను, జవాబూ వచ్చింది. అయినా తీసుకోలేదు. లోపం ఎక్కడండీ?
- ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: మీ కోడ్ మా ముందు లేదు కాబట్టి, ఈ ప్రశ్నలో ఫ్రెషర్లు ఎక్కువగా ఎక్కడ పడతారో చెబుతాం.

7, 7, 3 ఇచ్చారనుకోండి. రెండో పెద్దది 7 అవుతుందా, 3 అవుతుందా? అది మీకు మీరే అనుకునేది కాదు, అడిగి తెలుసుకునేది. ఒకే నంబరు ఉంటే ఏం ఇవ్వాలి, జాబితా ఖాళీగా వస్తుందా, నెగటివ్ నంబర్లు ఉంటాయా అన్నవి కూడా అడిగాకే కీబోర్డు మీద చెయ్యి వెయ్యండి.

డూప్లికేట్లు లెక్కలోకి రావన్నారనుకుందాం. ఒకే లూప్‌లో, అంటే జాబితాను ఒక్కసారి చుట్టి రావడంలో, చేయడానికి 'పెద్దది', 'రెండోది' అని విలువలు దాచుకునే రెండు వేరియబుల్స్ చాలు. చాలామంది రెండింటినీ సున్నాతో మొదలుపెడతారు. -5, -2, -9 ఇస్తే జవాబు సున్నా వస్తుంది, ఆ సంఖ్య జాబితాలోనే లేదు! పెద్దదాన్ని జాబితాలోని మొదటి నంబరుతో, రెండోదాన్ని నల్‌తో (అంటే ఇంకా ఏ విలువా లేదని) మొదలుపెట్టండి. చివరికి నల్‌గానే మిగిలితే రెండోది లేనట్టు.

ఇంకా పెద్ద నంబరు వచ్చినప్పుడు ముందు పాత పెద్దదాన్ని రెండోదానిలోకి దించి, ఆ తర్వాతే కొత్తది పెట్టాలి. వరస తిరగబడితే రెండూ ఒకటే అయిపోతాయి. 'పెద్దదాని కంటే చిన్నది, కానీ రెండోది ఇంకా నల్‌గా ఉంది లేదా దాని కంటే ఇది పెద్దది' అనే రెండో షరతు మరిచిపోతే 9, 5, 7 దగ్గర దొరికిపోతారు: మొదటి 9ని ఏదీ దాటదు, రెండోది ఖాళీగానే ఉండిపోతుంది.

రాయడం అయ్యాక "డన్" అని చేతులు కట్టుకోకండి. ఆ 9, 5, 7నే తీసుకుని పైకి చదువుతూ నడిపించండి: ఇప్పుడు 5 వచ్చింది, పెద్దది 9, రెండోది ఖాళీ, కనుక రెండోది 5, తర్వాత 7, అది 5 కంటే పెద్దది, కనుక రెండోది 7. అవతలివారికి మీ ఆలోచన వినపడకపోతే సరైన కోడ్‌ను కూడా బట్టీ పట్టిందే అనుకునే ప్రమాదం ఉంది. మీ విషయంలో జరిగింది బహుశా ఇదే.

ఇంగ్లీషుకు భయపడొద్దు. "ఫస్ట్ ఐ విల్ చెక్ ఎంప్టీ లిస్ట్" లాంటి పొట్టి వాక్యాలు చాలు. రోజూ ఒక లెక్క తీసుకుని పావుగంట పైకి మాట్లాడుతూ చేసి, ఫోన్‌లో రికార్డు చేసి వినండి. మౌనంగా గడిచిన చోట్లు మీకే తెలుస్తాయి.

వేగం గురించి కూడా తరచూ అడుగుతారు. ఉదాహరణకు, జాబితాలో డూప్లికేట్లు వెతకమంటే, ప్రతి నంబరునూ మిగతావాటితో పోల్చేలా లూప్‌లో లూప్ పెడితే లక్ష నంబర్లకు దాదాపు 500 కోట్ల పోలికలు. చూసిన నంబర్లను గుర్తుపెట్టుకునే హ్యాష్‌సెట్‌తో అయితే జాబితాను ఒక్కసారి చదివితే సరిపోతుంది, కాకపోతే మెమరీ ఎక్కువ పడుతుంది. ఈ రెండో ముక్క కూడా చెప్పాలి.

ప్రశ్న: డేటాబేస్ భాష SQLలో కస్టమర్ల టేబుల్‌కు ఆర్డర్ల టేబుల్‌ను కలుపుతూ లెఫ్ట్ జాయిన్ రాసినా ఆర్డర్లు లేని కస్టమర్లు రావడం లేదు. ఇంటర్వ్యూలో ఇక్కడే ఆగిపోయాను.
- ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: ఆర్డర్ల టేబుల్ మీది షరతు, ఉదాహరణకు మొత్తం 500 దాటాలన్నది, వేర్ (WHERE) భాగంలో పెట్టి ఉంటారు. ఆర్డరు లేనివారికి ఆ కాలమ్ నల్. నల్‌ను 500తో పోల్చితే నిజం కాదు, ఆ కస్టమర్ వరస (రో) రాలిపోతుంది. షరతును జాయిన్‌లోని ఆన్ (ON) భాగంలోకి మార్చండి. ఒక్కొక్కరికి ఎన్ని ఆర్డర్లో లెక్కపెట్టేటప్పుడు కౌంట్ స్టార్, అంటే COUNT(*), వద్దు, ఆర్డర్ ఐడీని కౌంట్ చేయండి. స్టార్ పెడితే ఒక్క ఆర్డరూ లేనివారికి కూడా 1 చూపిస్తుంది.