పల్చటి రేకుకు బొక్క పడకుండా

ప్రశ్న: మేస్త్రి గారూ, గేట్లు, కిటికీలు చేసే చిన్న షాపు పెట్టుకున్నాను. యాంగిల్ (ఎల్ ఆకారపు ఇనుప పట్టీ) ఫ్రేముకు 20 గేజి రేకు వెల్డింగ్ చేస్తుంటే బొక్కలు పడుతున్నాయి. పదో నెంబరు రాడ్డు వాడుతున్నాను. కరెంటు తగ్గిస్తే రాడ్డు అంటుకుపోతోంది. మిగ్ మిషన్ (రాడ్డు బదులు తీగ, గ్యాసుతో అతికేది) కొనమంటున్నారు. ఇంకోటి, జీఐ రేకు పని చేసిన రాత్రి చలిజ్వరం వస్తోంది. పాలు తాగితే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, చీపురుపల్లి

జవాబు: తమ్ముడూ, ముందు జ్వరం సంగతి చూద్దాం. జీఐ రేకు మీద ఉండేది జింకు పూత. అది 907 డిగ్రీలకే ఆవిరైపోతుంది. ఇనుము కరిగేలోపే తెల్లటి పొగై లేస్తుంది. ఆ పొగ పీల్చిన కొన్ని గంటలకు చలి, ఒళ్లునొప్పులు మొదలవుతాయి. ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది కాబట్టి మనవాళ్లు పట్టించుకోరు. పాలు పోయేది కడుపులోకి, పొగ పోయేది ఊపిరితిత్తుల్లోకి. పాలతో అది పోదు. అతుకు పడేచోట అంగుళం మేర పూత గ్రైండరుతో తీసేయండి. ఆరుబయట, గాలి మీ వెనక నుంచో పక్క నుంచో వచ్చేలా కూర్చోండి. ముఖానికి కట్టుకున్న తువ్వాలు ఈ పొగను ఆపదు, వెల్డింగ్ పొగకు పనికొచ్చే మాస్కు కొనుక్కోండి. ఆయాసం వస్తే మాత్రం ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్లి జీఐ పని చేశానని చెప్పండి.

ఇక బొక్కల సంగతి. 20 గేజి రేకు మందం 0.9 మిల్లీమీటర్లు. పదో నెంబరు రాడ్డు లావు 3.15 మిల్లీమీటర్లు. రేకు కంటే మూడింతలు లావున్న రాడ్డు మండాలంటే కావలసిన కరెంటుకు ఆ రేకు నిలవదు. 2 మిల్లీమీటర్ల 6013 రకం రాడ్డు తెచ్చి 40–50 ఆంపియర్లలో పెట్టండి. అది దొరక్కపోతే పదో దానికంటే సన్నగా ఉండే పన్నెండో నెంబరు, 60 ఆంపియర్ల దగ్గర. ఇన్వర్టర్ వెల్డింగ్ మిషన్ అయితే రాడ్డు పట్టే హోల్డరు వైరు మైనస్‌కి, ఇనుముకు తగిలించే ఎర్త్ వైరు ప్లస్‌కి మార్చండి, రేకు మీద వేడి తగ్గుతుంది. రాడ్డు తడిసి ఉన్నా అంటుకుంటుంది, వానాకాలంలో ఇది మరీ ఎక్కువ.

అన్నిటికంటే ముఖ్యం చెయ్యి. ఆర్కు, అంటే రాడ్డు కొన నుంచి వచ్చే మంట, యాంగిల్ మీదే పుట్టాలి. అక్కడ ఇనుము కరిగి చిన్న మడుగు కట్టాక, దాన్ని రేకు అంచు మీదకు తోసి వెంటనే ఎత్తేయాలి. రేకు మీద నేరుగా రాడ్డు గీశారా, బొక్కే. రేకుకీ యాంగిల్‌కీ మధ్య సందు ఉన్నా అంతే. క్లాంపు బిగించి ఆనించండి. ఒక చుక్క ఈ చివర, ఒకటి ఆ చివర, తర్వాత మధ్యలో. ఎరుపు పోయి నల్లబడ్డాకే దాని పక్కన ఇంకో చుక్క. వరసగా లాక్కుపోతే రేకు డప్పులా ఉబ్బుతుంది, తర్వాత సుత్తి దెబ్బలకు సాపవదు.

పడిన బొక్కను అదే వేడిలో నింపబోకండి. చల్లారనిచ్చి, వెనక రాగి పట్టీ ఆనించి అంచుల నుంచి పూడ్చుకు రండి. రాగికి ఇనుము అంటదు.

మిగ్ మంచిదే. 0.8 మిల్లీమీటర్ల తీగ, 50–60 ఆంపియర్లు, 16–17 వోల్టులతో ఈ రేకు హాయిగా అతుకుతుంది. కానీ గాలి తగిలితే గ్యాసు చెదిరి అతుకంతా బుడగలు, కాబట్టి చెట్టుకింద పని కుదరదు. బీరువాలు, ఆటో బాడీలు చేసే ఆలోచన ఉంటే కొనండి. గేట్ల కోసమే అయితే ఇప్పుడు అప్పు చేయొద్దు.