తలుపు తీయకుండా మాట్లాడటం అమర్యాద కాదు

అమెరికాలో హెచ్-1బి మీద ఉన్నవాళ్ళు అధికారులు అడిగినదానికి కాదంటే వీసాకు ముప్పా, పౌరులకున్న హక్కులు మనకూ ఉంటాయా అని కొందరు అడిగారు.

ఓటు లాంటివి పక్కన పెడితే, ఉంటాయి. శాన్‌ఫ్రాన్సిస్కోలో లాండ్రీ నడుపుకునే చైనా వలసదారు యిక్ వో కేసులో 1886లోనే అమెరికా సుప్రీంకోర్టు, చట్టం ముందు అందరూ సమానమనే రాజ్యాంగ పద్నాలుగో సవరణ రక్షణ పౌరులకు మాత్రమే కాదని తేల్చింది. మనవాళ్ళకు చిక్కు వచ్చేది హక్కు లేక కాదు, కాదని చెప్పడానికి నోరు రాక.

మా మామగారు రిటైర్డ్ హెడ్మాస్టరు. కొన్నేళ్ళ క్రితం టెక్సస్‌లో మా దగ్గరికి వచ్చారు. ఒకరోజు పొద్దున మావారు ఆఫీసుకు వెళ్ళాక, నేను ఉప్మాకు పోపు వేస్తుంటే ఎవరో తలుపు దబదబా బాదారు. అప్పటికే ఆయన గడియ మీద చెయ్యి వేశారు. "ఎవరో పోలీసులమ్మా" అన్నారు. "తీయకండి మామయ్యగారూ" అంటూ పరుగెత్తాను. కన్నంలోంచి చూస్తే ఇద్దరు మనుషులు, చొక్కాల మీద పోలీస్ అని రాసిన కోట్లు. ఇమిగ్రేషన్‌వాళ్ళు కూడా అవే వేసుకుంటారు.

లోపలినుంచే ఏం కావాలని అడిగాను. తలుపు తీస్తే మాట్లాడతామన్నారు. జడ్జి సంతకం ఉన్న వారంటు ఉంటే తలుపు కిందినుంచి పెట్టమన్నాను. కాగితం వచ్చింది. పైన ఇమిగ్రేషన్ వ్యవహారాలు చూసే హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ పేరు, మధ్యలో మాకంటే ముందు ఆ ఇంట్లో అద్దెకున్నతని పేరు, కింద ఒక ఇమిగ్రేషన్ అధికారి సంతకం. కోర్టు పేరు ఎక్కడా లేదు. "ఇది కోర్టు వారంటు కాదు. మీరు లోపలికి రావడానికి నేను ఒప్పుకోను. ఆ పేరు గలవాళ్ళు ఇక్కడ ఉండటం లేదు" అన్నాను. గొంతు వణికింది కానీ మాట మార్చలేదు. మరోసారి బాది, తలుపు సందులో కార్డు దూర్చి వెళ్ళిపోయారు. పోపు మాడి ఇల్లంతా పొగ.

మామగారికి కోపం వచ్చింది. "ఇంటికొచ్చిన ప్రభుత్వోద్యోగిని గుమ్మం బయటే నిలబెట్టి పంపిస్తావా? మనం తప్పేమీ చేయలేదు కదా!" అన్నారు. ఇక్కడ ఏ పూజకు వెళ్ళినా ఇదే మాట వింటాను. తప్పు చేయనివాళ్ళకు భయం దేనికి అని. కాదనే హక్కు ఉందని పోలీసులు ముందుగా మీకు చెప్పనక్కర్లేదని 1973లో సుప్రీంకోర్టు చెప్పింది. మర్యాద కొద్దీ "రండి సార్" అన్నారంటే, మామూలుగా కోర్టు వారంటు లేనిదే ఇంట్లోకి రాకూడదన్న రక్షణను మీ చేతులతో మీరే వదులుకున్నట్టు. ఇక వీసా సంగతి: ఆ తర్వాత నా గడువు పొడిగింపూ (ఎక్స్‌టెన్షన్), పాస్‌పోర్టులో వీసా స్టాంపింగూ మామూలుగానే అయ్యాయి. కాదన్నందుకు ఎవరి వీసా పోయిందో చూపించమనండి.

ఎదురు తిరగమని మాత్రం నేను అనడం లేదు. కారు ఆపితే లైసెన్సు, ఇన్సూరెన్సు చూపించాలి, దిగమంటే దిగాలి. డిక్కీ తెరిచి చూస్తామంటే మాత్రం ఒప్పుకోనని చెప్పవచ్చు. పద్దెనిమిదేళ్ళు దాటినవాళ్ళు ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు కాగితం) గానీ గ్రీన్‌కార్డు గానీ దగ్గర ఉంచుకోవాలని చట్టమే చెబుతోంది, కాబట్టి అది ఉంచుకోండి. ఊరికే మౌనంగా ఉంటే చాలదు, మౌనంగా ఉండే హక్కు వాడుకుంటున్నానని పైకి చెప్పాలి. అబద్ధం అసలే చెప్పకూడదు, అది వేరే నేరం. మీరు కాదన్నా బలవంతంగా లోపలికి వస్తే అడ్డుపడకండి. ఒప్పుకోలేదని గట్టిగా చెప్పి, మిగతాది లాయరుకు వదిలేయండి. విదేశం నుంచి వచ్చి దిగే విమానాశ్రయం లెక్క వేరు. అక్కడ సామాను, ఫోను చూడటానికి వాళ్ళకు వారంటు అక్కర్లేదు.

నా బాధల్లా మన సంఘాల గురించి. 2019లో డెట్రాయిట్ దగ్గర, వీసా మోసాలు పట్టుకోవడానికి ప్రభుత్వమే నడిపిన దొంగ యూనివర్సిటీ కేసులో మొదట పట్టుకున్న 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులు, వాళ్ళలోనూ ఎక్కువమంది మన తెలుగు పిల్లలే. ఇమిగ్రేషన్ కోర్టులో ప్రభుత్వం లాయరును పెట్టదు, మన ఖర్చుతో మనమే పెట్టుకోవాలి. ఇంత జరిగినా, ఉగాది వేడుకల్లో ఒక్క గంట లాయరు చేత మాట్లాడిద్దామని నేను అడిగితే, పండగపూట అపశకునం మాటలెందుకన్నారు ఒక సంఘం పెద్దలు. గాయకులకు విమానం టికెట్లు కొనడానికి మాత్రం డబ్బుంది!

మీ అమ్మానాన్నలు వస్తుంటే తలుపు సంగతి ముందే చెప్పి ఉంచండి. పగలు ఇంట్లో ఉండేది వాళ్ళే.